1992లో వచ్చిన తెలుగు సినిమా ఆల్బమ్‌లలో ఏది గొప్పది?

సైడ్ బి:
ఒక్క పాట సంగతి వదిలేద్దాం, క్యాసెట్ మొత్తం లెక్కలోకి తీసుకుందాం. ఫార్వర్డ్ బటన్ మీద వేలు పడకుండా మొదటి నుంచి చివరిదాకా వినగలిగింది ఏది? నా వరకు ‘స్వాతికిరణం’. మామ మహదేవన్ సంగీతం.

ఎందుకంటే ఆ కథ నిలబడేదే గొంతు మీద. అనంతరామశర్మ అంతటి విద్వాంసుడు ఓ పిల్లాడి పాట విని అసూయతో కుమిలిపోవాలి. శర్మకి పాడింది బాలు. అలాంటి బాలుని కూడా ఆ పిల్లాడు దాటేశాడని వినేవాళ్లకి అనిపించకపోతే సినిమా అక్కడే కూలిపోతుంది. ఆ పిల్లాడికి పాడిన వాణీ జయరాం గారికి అప్పటికి నలభై అయిదు దాటాయి. ‘తెలిమంచు కరిగింది’ కళ్లు మూసుకుని వినండి. గొంతు చిన్నది చేసుకుని ముద్దులు పోయినట్టు ఎక్కడా ఉండదు. మాట తేటగా, శ్రుతి మీద కూర్చున్నట్టు ఉంటుంది, అంతే. ‘ఆనతినీయరా’ సరేసరి. జాతీయ అవార్డు ఆ పాటకే వచ్చింది.

గోదారి గట్టు:
‘ఆపద్బాంధవుడు’. అదీ విశ్వనాథ్ గారి సినిమానే, అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చింది. ఈసారి సంగీతం కీరవాణి. ‘ఔరా అమ్మకుచెల్ల’ ఒక్కటి తీసుకోండి. కృష్ణుడి కథలన్నీ ఇద్దరు వీధి భాగవతుల్లా అందుకుంటూ చెప్పుకుంటూ పోతారు. సిరివెన్నెల గారు ‘ల్ల’ అక్షరాన్ని పట్టుకుని పాటంతా ఆడించారు. బాలు, చిత్ర దాన్ని ఎక్కడా తడబడకుండా, నవ్వుతూ పాడతారు. మీరూ ఓసారి పాడి చూడండి, రెండో లైనుకే నాలుక మడత పడుతుంది. అదే క్యాసెట్‌లో ‘చుక్కల్లారా చూపుల్లారా’ కూడా ఉంది. ఎక్కడి హుషారు, ఎక్కడి జాలి!

‘స్వాతికిరణం’ గొప్పదే, కాదనను. కానీ అన్ని పాటలూ ఒకే బరువుతో ఉంటాయి. సినిమా చూడనివాళ్లకి ఆ బరువు ఎందుకో తెలియదు. పైగా కీరవాణి ఆ ఒక్క ఏడాదిలోనే ‘అల్లరి మొగుడు’, ‘ఘరానా మొగుడు’, ‘సుందరకాండ’ కూడా ఇచ్చారు. ‘సుందరకాండ’లో ‘ఆకాశాన సూర్యుడుండడు’ రాసిన చెయ్యి వేటూరి గారిది. సంగీత దర్శకుడిగా కీరవాణి వచ్చి అప్పటికి రెండేళ్లే.

మైక్ సెట్:
మా నాన్నకి మైక్ సెట్ ఉండేది. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు. నేను అప్పుడు ఆరో తరగతి, క్యాసెట్లు మార్చే పని నాది. ‘ఘరానా మొగుడు’ క్యాసెట్ అరిగిపోయి రెండుసార్లు టేప్ తెగింది. బ్లేడుతో అంచులు సమంగా కోసి సెల్లో టేపుతో అతికించాం. ఆ అతుకు దగ్గర ‘బంగారు కోడిపెట్ట’ గుటక మింగినట్టు ఒక్క క్షణం ఆగేది. 2009లో ‘మగధీర’లో ఆ పాట మళ్లీ పెట్టినప్పుడు థియేటర్లో కూర్చుని ఆ అతుకు కోసం ఎదురుచూశాను, అది రాలేదు.

అయితే నా ఓటు దానికి కాదు. పెళ్లి అయిపోయి, జనం పల్చబడి, వంటవాళ్లు గుండిగలు తోముకునే టైములో అందరూ అడిగింది ‘చంటి’. ‘ఓ ప్రేమా నా ప్రేమా’, ‘పావురానికి పంజరానికి’, ‘ఎన్నెన్నో అందాలు’. వరసగా పెట్టేవాడిని, ఆపమన్నవాళ్లు లేరు. వేలు పడకుండా వినడం అంటే అదే కదా అన్నా.

హనుమకొండ రేడియో:
‘చంటి’ బాణీలు 1991లో తమిళంలో వచ్చిన ‘చిన్నతంబి’వి. ఇళయరాజా గొప్పతనంలో సందేహం లేదు, కానీ అవి ముందటేడు బాణీలు. ఇక ‘స్వాతికిరణం’ సంగతి. వాణీ జయరాం గారికి ఆ జాతీయ అవార్డు వచ్చింది 1991 సంవత్సరానికి. మరి అది 1992 ఆల్బమ్ ఎలా అవుతుంది?

నా ఓటు ‘రోజా’కి. రెహ్మాన్ తొలి సినిమా. ‘నా చెలి రోజావే’ మొదలవగానే మా పాత టేప్ రికార్డర్‌లోంచి ఇంత లోతైన శబ్దం వస్తుందా అని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాం. డబ్బింగ్ అని తీసిపారేయకండి. తమిళ పెదాలకి అతకాలి, తెలుగు పాటలా వినిపించాలి. తెలుగు మాటలు రాసిన రాజశ్రీ గారు ‘చిన్ని చిన్ని ఆశ’లో ఆ రెండూ సాధించారు. ఆ మాటలు పాడుకుంటూ పెరిగిన పిల్లలకి అది డబ్బింగ్ పాట అని చాలాకాలం తెలియదు.

సైడ్ బి:
అవార్డు సంవత్సరం సెన్సార్‌ని బట్టి పోతుంది. జనం సినిమా చూసింది 1992లో, నా లెక్క దానిమీదే. ‘రోజా’ తమిళంలో 1992 ఆగస్టు 15న వచ్చింది, బాణీలు ఆ ఏటివే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. కానీ రాజశ్రీ గారు ఎంత బాగా రాసినా ఆ బాణీ పుట్టింది వేరే మాటల కోసం. మహదేవన్ గారి పద్ధతి దానికి పూర్తిగా తిరగేసింది. ముందు సాహిత్యం చేతికి రావాలి, ఆ తర్వాతే బాణీ. అందుకే ఆయన పాటల్లో దీర్ఘం ఉన్నచోటే రాగం సాగుతుంది, మాట ఎక్కడా విరగదు. తెలుగు ఆల్బమ్ అన్నప్పుడు నేను మొదట చూసేది అదే.

గోదారి గట్టు గారూ, ఒకే బరువు అన్నారు కదా, ‘కొండా కోనల్లో’ మళ్లీ వినండి. ఆ పాటలో పిల్లాడు పరిగెడతాడు. ‘జాలిగా జాబిలమ్మ’ దగ్గర మాత్రం మీ మాట ఒప్పుకుంటాను, అది సినిమా చూసినవాళ్లకే పూర్తిగా అందుతుంది.

గోదారి గట్టు:
‘కొండా కోనల్లో’ మర్చిపోయాను, నిజమే. అయినా ‘ఆపద్బాంధవుడు’ దగ్గరే ఉంటాను. అన్నట్టు ‘అంకురం’ పేరు ఎవరూ ఎత్తలేదేం? ‘ఎవరో ఒకరు ఎపుడో అపుడు’ అదే ఏడాది కదా. ఆల్బమ్‌గా కాకపోయినా ఆ పాటని తలుచుకోకుండా 1992 గురించి మాట్లాడటం నాకు బాధగా ఉంది.

మైక్ సెట్:
నిన్న రాత్రి ఇంట్లో ‘ఆపద్బాంధవుడు’ మొత్తం పెట్టాను. ‘చుక్కల్లారా’ వచ్చేసరికి అమ్మ వంటింట్లో స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంది. అయిపోయాక మళ్లీ పెట్టమంది. నాన్న పోయాక ఆవిడ పాట అడగడం ఇదే మొదటిసారి. నా ఓటు ‘ఆపద్బాంధవుడు’కి మార్చుకుంటున్నాను.