నిషేధం అయ్యాక మోటారు కింద బోల్టులు కదలడం లేదు, స్టీరింగ్ కూడా పట్టేసింది

బారువ కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర బారువ. మా మామయ్య ఫైబర్ తెప్పకి 9.9 హార్స్‌పవర్ టూస్ట్రోక్ అవుట్‌బోర్డు మోటారు ఉంది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే విప్పి పాకలో నిలబెట్టేశారు, జూన్ 14 దాటేదాకా దాని మొహం ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఇంజను బాగానే అందుకుంటోంది గానీ ఇంజనుని చల్లబరిచి పక్కనుంచి కొట్టాల్సిన నీటి ధార సన్నగా, ఆగి ఆగి వస్తోంది. లోపల నీళ్ళు తోడే రబ్బరు రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, పోయిందని కొత్తది తెచ్చాను. అది మార్చాలంటే అడుగున ప్రొపెల్లర్ ఉండే భాగం, గేర్‌కేస్, కిందికి దించాలి కదా, ఆ బోల్టులు ఒక్కటంటే ఒక్కటి కదలడం లేదు. తలల చుట్టూ తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది.

ఇంకోటేటంటే స్టీరింగ్ కూడా పట్టేసింది. హ్యాండిల్ పట్టుకుని ఇద్దరం లాగితే కొంచెం కదిలి ఆగిపోతోంది. టౌన్‌లో ఒక షాపులో చూపిస్తే బ్రాకెట్ మొత్తం మార్చాలన్నారు, రేటు విని మామయ్య మాట్లాడకుండా వచ్చేశాడు. డబ్ల్యూడీ-40 సగం డబ్బా కొట్టాను, లాభం లేదు. పానాకి పొడుగు పైపు తగిలించి ఒక్క తిప్పు తిప్పేద్దాం అంటున్నాడు మా బావ. విరిగిపోతే మామయ్య ముందు నిలబడాల్సింది నేను. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

పూసపాటిరేగ మెకానిక్:

తమ్ముడూ, ముందు ఆ పైపు మీ బావ చేతిలోంచి లాక్కో.

అది తుప్పు కాదు. బోల్టేమో స్టెయిన్‌లెస్ స్టీలు, గేర్‌కేస్ అల్యూమినియం, మధ్యలో ఉప్పునీరు. ఈ మూడూ ఒకచోట చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో తినబడేది ఎప్పుడూ అల్యూమినియమే. తినబడిన అల్యూమినియం తెల్ల పొడిగా మారుతుంది, ఆ పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి, చోటు లేదు కాబట్టి బోల్టుని చుట్టూ నొక్కి పట్టేస్తుంది. పైగా చాలాసార్లు పట్టేసేది మరల దగ్గర కాదు. గేర్‌కేస్ అంచులో బోల్టు నున్నగా దూరే రంధ్రం ఉంటుంది చూడు, అక్కడ. అందుకే పైపు వేసి తిప్పితే కింద తల తెగి చేతికొస్తుంది, ముక్క మాత్రం లోపలే కూర్చుంటుంది.

డబ్ల్యూడీ-40 తడి తోలడానికి మంచిదే, ఇంత బిగువులోకి దూరే రకం కాదు. మీ ఊళ్ళో ఫైబర్ తెప్పలకి అతుకులు వేసేవాళ్ళ దగ్గర ఎసిటోన్ ఉంటుంది, కాస్త అడుగు. దానికి సమానంగా కార్ల పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ కలుపు. రెండూ విడిపోతుంటాయి, వాడే ముందు ప్రతిసారీ సీసా కుదుపు. ఎసిటోన్ రంగునీ ప్లాస్టిక్‌నీ కూడా తినేస్తుంది, అందుకని ఒలకబోయకుండా చుక్కలు చుక్కలుగా వెయ్యి. చుట్టుపక్కల బీడీ ముట్టించేవాళ్ళు ఉండకూడదు.

ఇంకో సంగతి, ఈ బోల్టుల తలలు కిందికి చూస్తుంటాయి. మోటారు నిలబెట్టి ఎంత నూనె కొట్టినా కారిపోవడమే. పెట్రోలు మొత్తం దించేసి, మోటారుని పడుకోబెట్టి, ఇంజను వైపు ఎత్తుగా ఉండేలా కింద ఏదైనా పెట్టు. అటు పల్లమైతే ఎగ్జాస్ట్‌లో మిగిలిన నీళ్ళు సిలిండర్‌లోకి పోతాయి. పొద్దున్నా సాయంత్రం చుక్కలు వేస్తూ, బోల్టు తల మీద పంచ్ ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు గట్టిగా వెయ్యి. ఆ అదురుకి పొడి చిట్లుతుంది. విప్పేటప్పుడు ఆరు మూలల సాకెట్టే వాడు, పన్నెండు మూలలది తల గుండ్రంగా చేసేస్తుంది. ముందు బిగించే వైపు ఒక్క పిసరు తిప్పి, అప్పుడు విప్పే వైపు తిప్పు. కదిలిందని సంబరపడి ఒకేసారి లాగేయకు. పావు తిప్పు విప్పి, మళ్ళీ బిగించి, నూనె వేసి, మళ్ళీ విప్పు. కీచుమని గీసుకుంటున్న చప్పుడు వస్తుంటే లోపల పొడి మరలని కొరుకుతోందని అర్థం, అక్కడ ఆగు.

లేత్ పని:

మెకానిక్ అన్న చెప్పినదంతా కరెక్టే గానీ నా ఓటు వేడికి. మా షాపుకి వచ్చేవన్నీ తల తెగిపోయాక వచ్చేవే, వేడి పెట్టకుండా తిప్పినవే వాటిలో ఎక్కువ.

డిగ్రీ పెరిగినప్పుడల్లా అల్యూమినియం మీటరుకి 23 మైక్రాన్లు పెరుగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు 17 దగ్గర ఆగుతుంది. 8 మిల్లీమీటర్ల రంధ్రాన్ని వంద డిగ్రీలు వేడెక్కించినా వచ్చే తేడా 5 మైక్రాన్లే, కంటికి కనిపించదు. అయినా ఆ గట్టి పొడి పగలడానికీ నూనె దూరడానికీ అది చాలు. వేడి పెట్టాల్సింది బోల్టుకి కాదు, చుట్టూ ఉన్న అల్యూమినియానికి. గ్యాస్ మంట పట్టుకోవద్దు, హీట్ గన్ చాలు. ఇనుము అయితే ఎర్రబడి మనకి చెప్తుంది, అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగి జారిపోతుంది. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేంత వేడి చాలు, అంతకు మించితే లోపల ఆయిల్ సీళ్ళు పోతాయి.

మీ ఇంట్లో హీట్ గన్ ఉండదు కాబట్టి ఇలా చెయ్యండి. గోనెపట్టా గేర్‌కేస్ అంచుకి చుట్టి, పొయ్యి మీద మరిగే నీళ్ళు చెంబుతో మెల్లగా పోస్తూ ఉండండి. మంట అక్కర్లేదు, ఎసిటోన్ భయం లేదు, సీళ్ళకి ఏమీ కాదు. హీట్ గన్ దొరికితే మాత్రం ఎసిటోన్ వేసిన చోట పూర్తిగా ఆరాకే పెట్టండి.

ఒకవేళ తల తెగితే భయపడొద్దు. మిగతా బోల్టులు వచ్చాక గేర్‌కేస్‌ని చెక్క సుత్తితో తడుతూ కిందికి దించితే ముక్క పైభాగంలో పొడుచుకుని మిగులుతుంది, దానికి వేడి చూపించి, బిగించి పట్టే పటకారు వైస్‌గ్రిప్‌తో పట్టుకుంటే చాలాసార్లు వచ్చేస్తుంది. లోపలికంటా తెగితే, ముక్కలోకి తొలిచి దూర్చి తిప్పే ఈజీ అవుట్ మాత్రం ఇంట్లో వాడకండి. అది లోపల విరిగితే దాన్ని మామూలు డ్రిల్లు తొలవలేదు, పని రెట్టింపు అవుతుంది. తెగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పించుకోవడం మేలు, కానీ వెల్డింగ్ ముందు స్పార్కు ఇచ్చే ఎలక్ట్రానిక్ డబ్బా, సీడీఐ, విప్పించండి. మరలు చెడిపోయినా కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట, హెలికాయిల్, వేయిస్తే సరిపోతుంది, కేస్ మార్చక్కర్లేదు.

పూసపాటిరేగ మెకానిక్:

మరిగే నీళ్ళ సంగతి నేను చెప్పాల్సింది, మర్చిపోయాను. బాగుంది.

తమ్ముడూ, గేర్‌కేస్ లాగే ముందు గేరు రాడ్డు పై రాడ్డుతో కలిసే చోట జాయింటు విప్పావా లేదా చూసుకో. అది విప్పకుండా అందరూ ఇంకా ఏదో బోల్టు మిగిలిందనుకుని కొడుతూ ఉంటారు. కొన్ని మోడళ్ళలో ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న రెక్క వెనక ఒక బోల్టు దాక్కుని ఉంటుంది, అదీ చూడు.

స్టీరింగ్‌కి బ్రాకెట్ మార్చనక్కర్లేదు. మోటారు అటూ ఇటూ తిరిగే నిలువు గొట్టంలో పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది, అంతే. గ్రీజు నిప్పిల్ విప్పి చూడు, దాని నోరే మూసుకుపోయి ఉంటుంది. కొత్తది వెయ్యి, ఎలాగూ ఖరీదు తక్కువ. గొట్టం మీద కూడా మరిగే నీళ్ళే పొయ్యి, లోపల ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి కాబట్టి మంట జోలికి పోకు. వేడి మీద గ్రీజు గన్ కొడుతూ అటూ ఇటూ ఆడించు, హ్యాండిల్ పట్టుకుని కాదు, మోటారు ఒళ్ళు పట్టుకుని. హ్యాండిల్ విరిగితే అది వేరే ఖర్చు. ముందు గోధుమరంగు ముద్ద పురుగులా బయటికొస్తుంది, శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా కొడుతూనే ఉండు.

బారువ కుర్రాడు:

అన్నలూ, వచ్చేశాయి! ఒక్కటి తప్ప అన్నీ తలలతో సహా వచ్చాయి. గోనెపట్టా, మరిగే నీళ్ళు, మధ్యలో సుత్తి దెబ్బలు. మొదటిది టక్‌మన్నప్పుడు విరిగిందనే అనుకున్నాం, చూస్తే కదిలింది. తెగిన ఒక్కటీ గేర్‌కేస్ దిగాక వైస్‌గ్రిప్‌కి దొరికింది. ఇంపెల్లర్ రెక్కలు వంగిపోయి అలాగే గట్టిపడి ఉన్నాయి, రెండు విరిగి ఎక్కడికో పోయాయి. స్టీరింగ్ ఇప్పుడు ఒక్క చేత్తో తిరుగుతోంది. బావ మాత్రం పైపు వేసినా వచ్చేదే అంటున్నాడు.

బోల్టులు ఏం రాసి బిగించాలి? ఆటో షాపులో నల్ల గ్రాఫైట్ గ్రీజు ఇచ్చారు.

కళింగపట్నం తెప్ప:

బాబూ, ఆ గ్రాఫైట్ గ్రీజు ఆటోకే వాడుకో. గ్రాఫైట్ అయినా, బోల్టు పట్టేయకుండా రాసే యాంటీ సీజ్‌లో రాగి కలిసినది అయినా ఉప్పునీళ్ళలో అల్యూమినియం పక్కన పెడితే ఇందాక చెప్పిన బ్యాటరీని ఇంకా బలంగా చేసినట్టే. మెరైన్ గ్రీజు అని నీలం రంగులో వస్తుంది, అది చాలు. యాంటీ సీజే కావాలంటే జింకు కలిసినది అడుగు. ముందు పాత పొడిని ఇత్తడి బ్రష్‌తో మరల్లోంచీ నున్నటి రంధ్రంలోంచీ గీకి, బోల్టు మొత్తానికి పూయాలి, మరలకి మాత్రమే కాదు. గ్రీజు రాసిన బోల్టు తక్కువ బలానికే బిగుస్తుంది, పొడి బోల్టుకి పెట్టినంత బలం పెడితే తెగుతుంది. ఇంజను తిప్పుడుని కిందికి చేర్చే డ్రైవ్‌షాఫ్ట్ పళ్ళకి కూడా గ్రీజు పుయ్యి, పక్కలకే, పై కొసకి కాదు. కొస మీద ముద్ద ఉంటే షాఫ్ట్ పూర్తిగా పైకి ఎక్కదు.

ఇక అసలు సంగతి. మోటారు పాడయ్యేది వేటలో కాదు, నిషేధంలో. లోపల ఉప్పునీళ్ళు ఉండగానే తెచ్చి పాకలో పెట్టేస్తారు, ఎండాకాలం రెండు నెలలు అది ఆరి ఉప్పు గడ్డకడుతుంది. మాకు జెట్టీ లేదు, మోటారు భుజాన వేసుకుని ఇంటికి తేవడమే, కాబట్టి తెచ్చిన వెంటనే డ్రమ్ములో దించడం అలవాటు చేసుకున్నాం. రెండు వందల లీటర్ల డ్రమ్ము పై మూత కోసి, నీళ్ళు ప్రొపెల్లర్ పైన ఉండే పలక మునిగేంత పోసి, న్యూట్రల్‌లో పది నిమిషాలు తిప్పితే చాలు. ఏట్లో తిప్పుతాం కదా అంటారు కొందరు. వంశధార మొగ దగ్గర వానాకాలం సరే, మే నెలలో అక్కడ నాలిక పెట్టి చూడు. మీ మహేంద్రతనయా అంతే అనుకుంటా.

నిషేధం మొదలైన రోజుల్లో ఎలాగూ పని ఉండదు, అప్పుడే ఆ గేర్‌కేస్ బోల్టులు ఒకటొకటిగా విప్పి గ్రీజు రాసి మళ్ళీ బిగించెయ్యి. పడవకి మోటారు బిగించే క్లాంపు స్క్రూలు కూడా. ప్రొపెల్లర్ మాత్రం ఏడాదికోసారి సరిపోదు, నెలనెలా తియ్యాలి. షాఫ్ట్‌కి వల దారం చుట్టుకుని సీలుని కోస్తుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడిందంటే సీలు తెగి నీళ్ళు లోపలికి పోయినట్టే. అల్యూమినియానికి బదులు తను తినబడే జింకు ముక్క ఒకటి మోటారుకి ఉంటుంది, సగం తినేస్తే మార్చు, దానికి రంగు వేయకు. మా ఊళ్ళో ఒకరు మోటారుకి రంగు వేయిస్తూ దానికీ నీటుగా వేయించారు, ఇక అది ఏం పని చేస్తుంది.

బారువ కుర్రాడు:

మా జింకు ముక్కకీ రంగు ఉంది బాబాయ్, ఇప్పుడే చూశాను. గీకేస్తే సరిపోతుందా, కొత్తది కొనాలా? ఇంకో డౌటు, మా బోరు నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయి. డ్రమ్ములో అవి పోయొచ్చా?

కళింగపట్నం తెప్ప:

సగం కంటే ఎక్కువ మిగిలి ఉంటే గీకెయ్యి, సరిపోతుంది. అది మోటారుకి ఆనుకునే వైపు కూడా మెరిసేలా రుద్దు, అక్కడ రంగు ఉన్నా పనిచేయదు. సముద్రం నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, మీ బోరు అంత ఉండదు కాబట్టి రోజువారీ దానికి పర్లేదు. నిషేధానికి పెట్టేసే ముందు చివరిసారి మాత్రం కుళాయి నీళ్ళు పట్టి పెట్టుకుని వాటితో తిప్పండి, తర్వాత మోటారుని నిలబెట్టే ఉంచండి, నీళ్ళు మొత్తం దిగిపోతాయి.

లేత్ పని:

తెగిన బోల్టుకి బదులు మామూలు ఇనుప బోల్టు వేయకు తమ్ముడూ. అదే కొలతలో స్టెయిన్‌లెస్‌ది తీసుకో, పాత ముక్క పట్టుకెళ్ళి పొడుగు సరిపోల్చుకుని మరీ కొను.