ఈ-సైకిల్‌కి హైడ్రాలిక్ బ్రేకులు ఇంట్లోనే వేసుకోవచ్చా?

కడప కుర్రోడు: నా బండికి ముందూ వెనకా కేబుల్ డిస్క్ బ్రేకులే. ఊళ్ళో తిరిగితే ఇబ్బంది లేదు. రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు మాత్రం లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కాల్సి వస్తోంది. ఆయిల్ నింపి వచ్చే హైడ్రాలిక్ సెట్టు ఆన్‌లైన్‌లో చూశాను. అలెన్ కీలు ఉన్నాయి. నేనే బిగించేసుకోనా?

అనంతపురం రైడర్: నిక్షేపంగా బిగించుకో బ్రో. ప్యాడ్లు ఉండే కాలిపర్‌కి రెండు బోల్టులు, లివర్ క్లాంపు, అంతే పని. చేతిలో పనే కదా అని 160 మి.మీ. రోటర్ (ప్యాడ్లు పట్టుకునే డిస్కు) తీసి 180 కూడా వేసెయ్. షాపులో ఇస్తే వారం తిప్పుతారు.

కర్నూలు సైకిలన్న: బోల్టులు లెక్కపెట్టినాయన వైరు సంగతి వదిలేశాడు. తమ్ముడూ, నీ లివర్ దగ్గర బ్రేక్ కేబుల్‌తో పాటు సన్నటి వైరు ఒకటి దిగుతోందా, చూడు. లివర్ నొక్కగానే మోటారుకి కరెంటు ఆపేది అదే. మామూలు సైకిళ్ళ హైడ్రాలిక్ లివర్‌కి ఆ స్విచ్ ఉండదు. పెడల్ ఆపాక కూడా కొన్ని బండ్లలో మోటారు కాసేపు తోస్తుంది. ఇక థ్రాటిల్ మీద వేలుంటే చెప్పక్కర్లేదు, నువ్వు ఆపుతుంటావు, అది లాగుతుంటుంది.

180 రోటర్ కూడా అడాప్టర్ లేనిదే కూర్చోదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు అంత సైజుకి ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కో.

అనంతపురం రైడర్: లివర్‌కి అతికించే మాగ్నెట్ సెన్సర్లు దొరుకుతాయి అన్నా, దానికింత టెన్షన్ ఎందుకు? పైగా ప్యాడ్ అరిగేకొద్దీ హైడ్రాలిక్ తనంతట తానే సర్దుకుంటుంది. కేబుల్‌ని అస్తమానం బిగిస్తూ కూర్చోవాలి.

కర్నూలు సైకిలన్న: ఆ సుఖం ఉంది, కాదనను. కానీ సెట్టుతో వచ్చే గొట్టం పొడుగ్గా ఉంటే కోయాలి. కోస్తే గాలి దూరే అవకాశం ఉంది, అప్పుడు బ్లీడింగ్ చేయాలి, అంటే లోపలి గాలి తీసెయ్యాలి. అక్కడే మనవాళ్ళు బైక్ మెకానిక్ దగ్గరికి పోతారు. ఆయన దగ్గర ఉండేది మోటారు బైకు బ్రేకుల్లో పోసే డాట్ ఆయిల్. నీ సెట్టు మినరల్ ఆయిల్‌దైతే అది పోస్తే లోపలి సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి.

నా మాట విని ముందు ప్యాడ్లు విప్పి చూడు, అరిగిపోతే కొత్తవి వెయ్యి. చాలా కేబుల్ కాలిపర్లలో ఒక ప్యాడే కదులుతుంది. కదలని ప్యాడ్‌ని వెనకున్న స్క్రూతో రోటర్‌కి రాసుకోనంత దగ్గరగా జరుపు. లోపలి తీగ, పై కవరు రెండూ కొత్తవి వెయ్యి. ఇదంతా ఇంట్లో చేసుకునే పనే. తర్వాత ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, చక్రం లాక్ కాకుండా నెమ్మదించు. ఇరవైసార్లు అలా చేస్తేగానీ కొత్త ప్యాడ్ పట్టు రాదు. ఘాట్‌లో బ్రేకు అదే పనిగా పట్టి ఉంచకు, పట్టి వదులుతూ దిగు.

కడప కుర్రోడు: విప్పాను అన్నా. వెనక ప్యాడ్ మీద రాసుకునే పొర అట్ట మందం కూడా లేదు, ఒక మూల ఇనుము బయటపడింది. రెసిన్ ప్యాడ్ తీసుకోనా, మెటల్ కలిసిందా?

కర్నూలు సైకిలన్న: ఘాట్ దిగేవాడివి, సెమీ మెటాలిక్ తీసుకో. వేడికి ఆగుతుంది, కాస్త కీచుమంటుంది. రోటర్ మీద ‘రెసిన్ ఓన్లీ’ అని ఉంటే మాత్రం రెసినే వెయ్యి.