ఐదో తరగతి పిల్లలకు చదవడం రావాలంటే తల్లిదండ్రుల కమిటీ ఏమి అడగాలి?

ప్రశ్న: సింగ్‌నగర్ తండ్రి, విజయవాడ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి విజయవాడలో ఒక నగరపాలక సంస్థ పాఠశాలలో ఐదో తరగతి చదువుతోంది. ఈ ఏడాది నన్ను తల్లిదండ్రుల కమిటీకి ఎన్నుకున్నారు. పైకి చూస్తే బడికి ఏ లోటూ లేదు. నాడు-నేడు పనుల్లో గదులకు రంగులు వేశారు, బల్లలు వచ్చాయి, మరుగుదొడ్లు బాగుపడ్డాయి, మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారు. వీటి కోసం మా ముందు తరం వాళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నారు కాబట్టి వీటి విలువను నేను తక్కువ చేయను.

అయితే మొన్న సమావేశానికి వెళ్లినప్పుడు, టీచరు గారి అనుమతితో, ఐదో తరగతి పిల్లలు కొందరిచేత తెలుగు వాచకం చదివించాను. ఒక బాబు పాఠాన్ని గడగడా అప్పజెప్పాడు గాని, వేలు మాత్రం రెండు వరుసల కింద ఉంది. అదే పేజీలో మధ్యనున్న వాక్యం చూపించి చదవమంటే ‘రాత్రి’ అనే మాట దగ్గర ఆగిపోయాడు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా అదే పరిస్థితి. మరో పాప 52లోంచి 17 తీసివేసి 45 అని రాసింది. ఏ వరుసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేయడమే ఆ పాపకు తెలిసిన పద్ధతి.

ఈ మాట సమావేశంలో ఎత్తగానే చర్చ ఇంగ్లిషు మీడియం మీదికి, డిజిటల్ తెరల మీదికి మళ్లిపోయింది. ఇద్దరు ముగ్గురు అప్పు చేసైనా పిల్లల్ని ప్రైవేటు బడికి మార్చేస్తామన్నారు. కమిటీ తీర్మానంలో ఒకే ఒక్క కోరిక రాయాల్సి వస్తే ఏది రాయమంటారు? అలా అడిగే అధికారం చట్టప్రకారం మాకు ఉందా?

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

పాఠం మధ్యలోని వాక్యం చూపించి చదివించారు చూడండి, అసలైన తనిఖీ అదే. మొదటి వాక్యం నుంచి చదివిస్తే జ్ఞాపకశక్తి తెలుస్తుంది తప్ప చదువు తెలియదు.

ముందు అధికారం సంగతి చెబుతాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో (మీరంటున్న తల్లిదండ్రుల కమిటీ ఇదే) నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. బడి పనితీరును గమనించడం, నిధుల వినియోగాన్ని చూడడం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం కమిటీ విధులు. అభివృద్ధి అనగానే మనవాళ్లకు గోడలూ గేట్లూ గుర్తుకొస్తాయి గాని, ప్రణాళికలో పిల్లల చదువు గురించి రాయకూడదని ఎక్కడా లేదు.

మీకు అంతకంటే ముఖ్యమైనది 24వ సెక్షన్. ఉపాధ్యాయుడు నిర్ణీత గడువులో పాఠ్యాంశాలన్నీ పూర్తి చేయాలని అందులో ఒక మాట ఉంది. ప్రతి పిల్లవాడి అభ్యసన శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలని ఆ వెంటనే మరో మాట ఉంది. నా సర్వీసంతా చూసింది ఏమిటంటే, తనిఖీకి వచ్చిన అధికారులు మొదటి మాట గురించే అడుగుతారు. సిలబస్ ఎంతవరకు వచ్చింది, ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల మార్కులు ఎక్కించారా అనేవే ప్రశ్నలు. రెండో మాట గురించి అడిగేవారు అరుదు కనుక, ఒకటో తరగతిలో గుణింతాలు నిలవని పిల్లవాడు రెండులో ఒత్తులు రాకుండా, మూడులో పేరా రాకుండా ఏటా పై తరగతికి వెళుతూనే ఉంటాడు. టీచరు చెడ్డవారు కానక్కర్లేదు. ఐదో తరగతి పుస్తకం చేతిలో పెట్టి అది పూర్తి చేయమన్నప్పుడు, ఒత్తులు నేర్పడానికి వారికి పీరియడ్ ఏదీ?

అందుకే నేనైతే తీర్మానంలో ఆ పీరియడే అడుగుతాను. మూడు, నాలుగు, ఐదు తరగతులకు రోజూ ఒకే వేళలో ఒక గంట కేటాయించాలి. ఆ గంటలో పిల్లల్ని తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెట్టాలి: అక్షరాల దగ్గర ఉన్నవారు ఒకచోట, పదాలు చదివేవారు ఒకచోట, పేరా చదివేవారు ఒకచోట, కథ చదవగలిగేవారు ఒకచోట. ఆ గంటలో పాఠ్యపుస్తకం తెరవనక్కర్లేదు.

జవాబు: ఎస్జీటీ (ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు), గుంటూరు జిల్లా

మాస్టారు చెప్పిన దాంతో ఏకీభవిస్తూనే, అమలు చేయాల్సిన మనిషిగా కొన్ని ఇబ్బందులు చెప్పాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. నిష్పత్తి కాగితం మీద బాగానే ఉంటుంది గాని, బడిలో ఉన్నది ఐదు తరగతులు. ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా ఆ రోజు ఐదు తరగతులూ ఒక్కరివే. హాజరు యాప్‌లో, భోజనం లెక్క యాప్‌లో, ఆపైన అడిగిన సమాచారం అడిగినట్టు పంపాలి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడకూడదని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. కమిటీ గంట అడిగేటప్పుడు, ఆ గంటలో టీచరును ఏ రిపోర్టూ అడగరాదని కూడా రాస్తే ఆ గంటకు రక్షణ ఉంటుంది.

మా వైపు మరో చిక్కు ఉంది. మిరప కోతలు మొదలయ్యాక కర్నూలు వైపు నుంచి, ప్రకాశం పడమటి మండలాల నుంచి కూలి కుటుంబాలు వచ్చి చేల గట్లమీదే గుడారాలు వేసుకుంటాయి. తల్లిదండ్రులు పొద్దు పొడవకముందే కోతకు వెళితే, పెద్దపిల్ల తమ్ముణ్ణి చూసుకుంటూ గుడారం దగ్గరే ఉండిపోతుంది. ఆ పిల్లను మేము బడిలో చేర్చుకున్నా ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తెలియదు, ఎందుకంటే వయసు ఒక తరగతిది, చదివిన నెలలు మరో తరగతివి. ఇలాంటి పిల్లలకు స్థాయిని బట్టి కూర్చోబెట్టే పద్ధతి తప్ప వేరే దారి నాకు కనిపించలేదు. వచ్చిన రోజున ఐదు నిమిషాలు చదివించి చూస్తే ఏ గుంపులో కూర్చోవాలో తేలిపోతుంది.

జవాబు: ఆర్థికశాస్త్ర పరిశోధక విద్యార్థి, మొగల్రాజపురం

మాస్టారు అనుభవంతో చెప్పిన విషయాన్ని పరిశోధనలు కూడా బలపరుస్తున్నాయి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు వడోదర, ముంబయి నగరాల బడుల్లో వెనకబడిన పిల్లలను విడిగా కూర్చోబెట్టి నేర్పించే పద్ధతిని పరీక్షించారు. 2019లో వీరిద్దరికీ మైకేల్ క్రెమర్‌తో పాటు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. తరువాత ఇతర రాష్ట్రాల్లో జరిగిన ప్రయోగాలే మీకు ఎక్కువ పనికొస్తాయి. ఉత్తరాఖండ్‌లో ప్రభుత్వ టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి, వేళ మాత్రం విడిగా కేటాయించకుండా వదిలేస్తే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. హరియాణాలో బడివేళల్లోనే ఒక గంట కేటాయించి, పిల్లల్ని స్థాయిని బట్టి కూర్చోబెట్టి, పైనుంచి పర్యవేక్షణ కూడా పెడితే హిందీ చదవడం మెరుగుపడింది. లెక్కల్లో అక్కడ కూడా మార్పు కనిపించలేదన్నది గుర్తుంచుకోవాలి. కాబట్టి తీర్మానంలో ‘ప్రత్యేక శ్రద్ధ తీసుకోవాలి’ అని రాస్తే లాభం లేదు. గంట ఎన్నింటికి, ఎవరు చూస్తారు అనేవి రాయాలి.

ప్రైవేటు బడికి మార్చాలనుకుంటున్న తల్లిదండ్రులకు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక అధ్యయనం గురించి చెప్పండి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో లాటరీ పద్ధతిన కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు అధ్యయనం తరఫునే చెల్లించే ఏర్పాటు చేసి, నాలుగేళ్లు గమనించారు. తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకు, ప్రభుత్వ బడిలో ఉండిపోయిన పిల్లలకు తేడా రాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ఆ బడులు తక్కువ ఖర్చుతోనే ఈ ఫలితం సాధించాయన్నది వాటి గొప్పతనమే, కాదనను. అయినా ఒత్తులు రాని పిల్లవాడికి బడి మారినంత మాత్రాన ఒత్తులు వచ్చేయవు.

దేశం మొత్తం పరిస్థితి కూడా ఇలాగే ఉంది. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతం. పెరుగుదల మంచిదే గాని, నలుగురిలో ముగ్గురు ఇంకా ఆ పాఠం చదవలేకపోతున్నారు.

జవాబు: ఒక తల్లి, అరండల్‌పేట, గుంటూరు

మా బాబుది ప్రైవేటు బడే. మూడో తరగతిలో ఇంగ్లిషు పద్యాలు చక్కగా అప్పజెప్పేవాడు, ఇంటి ముందు దుకాణం బోర్డు చదవమంటే ఏ భాషలోనూ చదవలేకపోయేవాడు. ఇంట్లో రోజూ కాసేపు పాత బొమ్మల కథల పుస్తకాలు పెట్టుకుని చదివించాకే దారిలో పడ్డాడు. చదవడం రాని తల్లులున్న ఇళ్లలో ఆ పని ఎవరు చేస్తారన్నది నాకు అప్పటినుంచీ బాధగానే ఉంది. ఆ గంట బడిలోనే ఉండాలని నేను గట్టిగా అంటాను.

ప్రశ్న అడిగినవారు: సింగ్‌నగర్ తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. మధ్యాహ్న భోజనం తర్వాత రోజూ ఒక గంట, మూడు నుంచి ఐదు తరగతులు కలిపి, ఆ గంటలో రిపోర్టులు ఉండవు అని తీర్మానం రాసుకున్నాను. మాస్టారూ, పిల్లలు ముందుకు కదులుతున్నారో లేదో కమిటీ ఎలా తెలుసుకోవాలి? మాలో చాలామందికి చదువు అంతంత మాత్రమే.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

భోజనం తర్వాత పెట్టకండి, చిన్నపిల్లలు అప్పటికి తూగుతుంటారు. ప్రార్థన అయిన వెంటనే మొదటి గంటే అడగండి. హాజరు ఆ తర్వాత వేసుకునేందుకు వీలుందేమో ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడుకోండి, లేకపోతే గంటలో పావు వంతు దానికే పోతుంది.

కమిటీ చూడవలసిన కాగితం ఒక్కటి చాలు. ఈ నెల మొదట్లో ఏ గుంపులో ఎంతమంది ఉన్నారు, నెలాఖరుకు ఎంతమంది పై గుంపుకు వెళ్లారు అన్నది అందులో ఉండాలి. పిల్లల పేర్లు గోడమీద పెట్టనివ్వకండి, సిగ్గుపడి బడి మానేస్తారు. అక్షరాల గుంపులో రెండు నెలలుగా కదలని పిల్లలుంటే వారి కళ్లు, చెవులు పరీక్ష చేయించమని అడగండి. ఆ తరువాత వారి హాజరు చూడండి. ఎవరైనా టీచరు ‘ఈ పిల్లలకు రాదండీ’ అంటే వాదించవద్దు. ఆ పిల్లవాణ్ణి మీ ఎదుటే ఒక్క పేరా చదివించమని అడగండి, ఎక్కడ ఆగుతున్నాడో ఇద్దరూ కలిసి చూడండి. గుణింతం దగ్గర ఆగేవాడికి కావలసింది ఒకటి, ఒత్తు దగ్గర ఆగేవాడికి కావలసింది ఇంకొకటి.