రెండేళ్ల పాపతో సంక్రాంతికి పల్లెకు: పది రోజులు గడిచేదెలా?

పాపాయి అమ్మ
మా అత్తగారిది పలమనేరు దగ్గర పల్లె. పాపకు ఇరవై రెండు నెలలు. భోగికి ముందే చేరుకుని పది రోజులు ఉందామని ఆయన అంటున్నారు. నాకూ ఇష్టమే. కానీ పాపకు ఆరు నెలలప్పుడు వెళితే మూడో రోజుకే మూట సర్దుకుని హైదరాబాదు వచ్చేశాం. ఇప్పుడు పరిగెడుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. అక్కడేమో పెరట్లో కుడితి తొట్టి, వసారాలో వేరుశనగ మూటలు, గేటు లేని వాకిలి. ఏది చెప్పబోయినా అత్తయ్య "మేము పిల్లల్ని పెంచలేదా?" అంటారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చిన్నపిల్లలతో వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి.

ఇద్దరు పిల్లల నాన్న
ముందు ప్రయాణం సంగతి. తిరుపతి దాకా రాత్రి రైలే మేలు. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, అయితే విడిగా బెర్తు ఇవ్వరు. కింది బెర్తు మీకు, గోడ వైపు పాపకు. అసలు పరీక్ష చిత్తూరు దాటి పలమనేరు వైపు ఎక్కే మొగిలి ఘాట్‌లో ఉంటుంది. బస్సు కదిలేముందు మా పెద్దవాడికి కడుపునిండా పాలు పట్టాం. మూడో మలుపులో ఆ పాలన్నీ నా చొక్కా మీదకు వచ్చాయి. ఎక్కేముందు ఇడ్లీ ముక్క చాలు. తువ్వాలు సంచి అడుగున కాదు, చేతిలో ఉండాలి.

దారిలోనే కదా అని తిరుమల కూడా కలుపుకోవద్దు. సుపథం అనే ప్రత్యేక దర్శన దారి గుండా పంపేది ఏడాదిలోపు బిడ్డల తల్లిదండ్రులను. మీ పాపకు ఆ వయసు దాటింది, పండుగ రద్దీలో చంకన వేసుకుని నిలబడాలి.

చిత్తూరు కోడలు
తొట్టి గురించి చెబుతాను, తక్కినవి ఎలాగోలా సర్దుకుంటాయి. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో పిల్లలు మునిగిపోతారు, చప్పుడు రాదు. మేము తొట్టి మీద పాత నులక మంచం బోర్లించాం. మామయ్య రెండు రోజులు నవ్వారు. మూడో రోజు మనవడు ఆ మంచం పట్టుకుని లోపలికి తొంగి చూస్తుంటే, ఆయనే తాడు తెచ్చి బిగించి కట్టారు. స్నానాల గదిలో నింపి ఉంచిన బక్కెట్ల సంగతి కూడా మరవద్దు.

వేరుశనగ గుళ్లు ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు, ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటాయి. దంచి పొడి చేసి అన్నంలో కలిపితే ఇబ్బంది లేదు. భోగిపళ్లతోనూ అదే భయం. రేగిపళ్లు, చిల్లర నాణేలు, పూలరేకులు, చెరకు ముక్కలు తల మీద నుంచి ఒళ్లోకి జారేటప్పుడు అందరూ ఫొటోల్లో మునిగి ఉంటారు. పాప మాత్రం గింజల వేటలో ఉంటుంది. మేము కింద దుప్పటి పరిచి కూర్చోబెట్టాం. పోయడం పూర్తికాగానే పిల్లను ఒకరు ఎత్తుకున్నారు, దుప్పటి నాలుగు చెరగులూ మరొకరు ఎత్తేశారు.

అవ్వను నేనే
అందరూ చెబుతున్నారు కాబట్టి నేనూ ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దమ్మా. ఏడాదంతా ఫోనులో చూసిన బిడ్డ పది రోజులు కళ్ల ముందుకు వస్తుంది. మీరేమో "అది పెట్టకండి, ఇది ముట్టనివ్వకండి" అంటూ వెనకే తిరుగుతారు. "మేము పెంచలేదా" అనేది పొగరుతో కాదు, మాకు ఇంట్లో ఇంకేమీ మిగలలేదా అన్న బాధతో. వద్దు అనడం తగ్గించి ఏదైనా పని అప్పగించండి. "అత్తా, మధ్యాహ్నం పాపను పడుకోబెట్టే పూచీ మీది" అంది నా కోడలు. ఇక చూడండి, టీవీ ఆపించింది నేను, పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగును వాకిట్లోనే ఆపింది నేను.

తిండికి భయం లేదు. రాగి సంగటి మెత్తగా చేసి, కారం వేయకముందే పప్పు తీసిపెట్టి, నెయ్యి వేసి కలపండి. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి. ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో పడతాయి, బిడ్డ కడుపులో పడవు కదా. వస పోయడం, ఆముదం పట్టడం మాత్రం నేనే మానేశాను, డాక్టరు చేత ఒకసారి చీవాట్లు తిన్నాక.

పాపాయి అమ్మ
అవ్వగారూ, మీ మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఆ వైపు నుంచి నేనెప్పుడూ ఆలోచించలేదు.

పల్లె నర్సు
నీళ్లు మరిగించి చల్లార్చినవే ఇవ్వండి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున కలిపేవాళ్లను రోజూ చూస్తుంటాను, అది తప్పు. దానితో పాటు జింకు మందు పద్నాలుగు రోజులు, విరేచనాలు తగ్గినా ఆపకూడదు. నీరసంగా పడి ఉన్నా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి రండి.

పలమనేరు వైపు జనవరిలో చలి గట్టిగానే ఉంటుంది. అయినా నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దు, ఆ గాలి ప్రాణాంతకం. పాము కాటు అని అనుమానం వస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ వద్దు. బిడ్డను కదలనివ్వకుండా ఎత్తుకుని 108కి ఫోను చేయండి. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలో ఉంటుంది, మంత్రగాడి దగ్గర కాదు.

చంద్రగిరి వాసి
మాకు గర్వంగానే ఉంటుంది కానీ, పశువుల పండుగ చూపిస్తామని రంగంపేటకు మాత్రం తీసుకురాకండి. కొమ్ములకు పలకలు కట్టిన ఎడ్లు జనం మధ్య నుంచి దూసుకొస్తుంటే, వాటిని లాక్కోవడానికి కుర్రాళ్లు మీద పడతారు. మిద్దె మీద నిలబడినా ఆ కేకలకు చిన్నపిల్లలు హడలిపోతారు. మీ ఊరి కనుమ చాలు. ఆవుల కొమ్ములకు రంగులు వేయడం దగ్గర నుంచి చూపించండి, సాయంత్రం పశువుల కోసం వేసే చిట్లాకుప్ప మంట దూరం నుంచి.

పాపాయి అమ్మ
తిరిగి వచ్చాం. పది కాదు, ఎనిమిది రోజులు. మొదటి రెండు రాత్రులు పాప నిద్రపోలేదు, మమ్మల్నీ పోనివ్వలేదు. ఘాట్‌లో ఇడ్లీ ముక్క కూడా నిలవలేదు, ఇద్దరు పిల్లల నాన్నగారు చెప్పిన తువ్వాలే కాపాడింది. తొట్టి మీద మంచం పడింది. సంగటి తినిపించే పని అత్తయ్యదే. ఇంట్లో నా చేత్తో రెండు ముద్దలు తినని పిల్ల అక్కడ గిన్నె ఖాళీ చేసింది. కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

అందరం తొట్టికి కాపలా కాస్తుంటే, కనుమ నాడు పాప కోడిపుంజు వెంటపడి వాకిలి దాటి వీధిలోకి వెళ్లిపోయింది. ట్రాక్టరు వచ్చే దారి. పక్కింటివాళ్లు ఎత్తుకొచ్చి ఇచ్చేదాకా మాకు తెలియనే లేదు. నేను ఏడుస్తూ కూర్చుంటే, అత్తయ్య లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె అడుగు నుంచి నల్లబడిన వెండి మువ్వల పట్టీలు తెచ్చి పాప కాళ్లకు వేశారు. "నీ మొగుడికీ ఇవే వేశాను. చప్పుడు ఆగిందంటే చూడాలి, దూరమైందంటే పరిగెత్తాలి" అన్నారు. మిగిలిన నాలుగు రోజులూ వంటింట్లో నుంచే పాప ఎక్కడుందో చెప్పగలిగాను. ఇప్పుడు ఇక్కడ తీసేద్దామంటే ఒప్పుకోవడం లేదు, కింది అంతస్తువాళ్లు ఆ చప్పుడేమిటని అడుగుతున్నారు.

పల్లె నర్సు
మంచి ఉపాయం. ఒక్కొక్క మువ్వనూ రోజూ లాగి చూడండి. ఊడిందంటే అదీ నోట్లోకే వెళుతుంది.