హైదరాబాద్ నుంచి డల్లాస్: అమ్మ ఒక్కతే వెళ్తోంది, మొత్తం ఎన్ని గంటలు?

మియాపూర్_కొడుకు: అమ్మకి 64 ఏళ్లు. మొదటిసారి, ఒక్కతే, డల్లాస్‌లో అక్క దగ్గరికి వెళ్తోంది. దూరం ఒకచోట 14,400 కిలోమీటర్లని, ఇంకోచోట 15,400 అని ఉంది. దుబాయ్ మీదుగా మేలా, లండన్ మీదుగా మేలా? మధ్యలో ఎంత టైం ఉంచాలి? మోకాళ్ల నొప్పులున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

బేగంపేట_పాతకాపు: 22 ఏళ్లుగా టికెట్లు చేస్తున్నా, విమానాలు బేగంపేటలో దిగే రోజుల నుంచీ. 14,400 తప్పుడు లెక్క. అంత దూరం ఏ విమానమూ ఆగకుండా పోదు.

పటాల_పిచ్చి: తప్పు కాదండీ. గ్లోబు మీద ఈ రెండు ఊళ్లకీ దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి పోతుంది. ఆ దారం పొడవే 14,400. దుబాయ్‌లో మారితే 2,550, ఆపైన 12,900. లండన్ మీదుగా వెళ్లినా మొత్తం దాదాపు అంతే. ఇక ఆగకుండా పోదన్నారు కదా, సింగపూర్–న్యూయార్క్ విమానం 15,000 పైనే ఎగురుతోంది.

బేగంపేట_పాతకాపు: దారాలతో టికెట్లు రావు బాబూ. నేను ఎక్కించిన వాళ్లలో సగంమంది వయసు కూడా ఉండదు నీకు.

పటాల_పిచ్చి: వయసెందుకు సార్ మధ్యలో? లెక్క తప్పయితే చూపించండి.

సనత్‌నగర్_సుజాత: 2021లో శంషాబాద్ నుంచి షికాగోకి నేరుగా ఎయిర్ ఇండియా విమానం మొదలైంది. మా అమ్మానాన్నలు అందులోనే వెళ్లారు, ఎక్కడా దిగే పని లేదు. దాన్ని ఆపేసినప్పుడు ఏడుపొచ్చింది నాకు.

కూకట్‌పల్లి_కోడలు: కిలోమీటర్లు వదిలేయండి. తెల్లవారుజామున 4:20కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 5కి దిగుతారని టికెట్ మీద చూసి, 13 గంటలే కదా అనుకున్నారు మా అత్తగారు. అక్కడి టైం మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అంటే అసలు ప్రయాణం 23 గంటలు! షుగర్ మాత్రలన్నీ పెద్ద పెట్టెలో పెట్టేశారు. మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి.

నిజాంపేట్_రవి: మా నాన్నకి మధ్యలో గంటంబావే ఉంచాడు ఏజెంటు. మొదటి విమానం లేటు, రెండోది పోయింది. రాత్రంతా కుర్చీలో కూర్చున్నారు, ఇంగ్లిష్ రాదు. మూడు గంటలకి తక్కువైతే ఒప్పుకోకు తమ్ముడూ.

బేగంపేట_పాతకాపు: ఏజెంట్లందరూ ఒకటి కాదు.

నిజాంపేట్_రవి: అందరూ అన్నానా? మా నాన్న పడ్డ బాధ చెప్పుకోవడం కూడా తప్పేనా?

సనత్‌నగర్_సుజాత: ఇంకో మాట. న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారే టికెట్ వద్దు. అమెరికాలో మొదట దిగినచోటే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆ పెట్టెలెలా లాగుతారు? వీల్‌చైర్ టికెట్ చేసేటప్పుడే అడగండి.

ఎల్బీనగర్_వాసు: బాగా నడవగలిగేవాళ్లు కూడా వీల్‌చైర్ అడుగుతున్నారు. నిజంగా నడవలేని మా నాయనమ్మ ముప్పావుగంట ఎదురుచూసింది.

కూకట్‌పల్లి_కోడలు: ఆయన మోకాళ్ల నొప్పులని రాశారు, చదివారా?

ఎల్బీనగర్_వాసు: ఆయన్ని అనలేదక్కా. మా నాయనమ్మ సంగతి చెప్పా.

మియాపూర్_కొడుకు: దుబాయ్ మీదుగా చేసేశాను, మధ్యలో 3 గంటల 10 నిమిషాలు. వీల్‌చైర్ కూడా అడిగాను. వచ్చేటప్పుడు డల్లాస్–దుబాయ్ గంటకు పైగా తక్కువ చూపిస్తోంది, పొరపాటా?

పటాల_పిచ్చి: కాదన్నా. పైన గాలి పడమర నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది. వచ్చేటప్పుడు అది వెనకనుంచి తోస్తుంది.

బేగంపేట_పాతకాపు: ఇది మాత్రం నిజం.