ఎలీసియంలో నోస్ఫెరాటుకి పని కల్పించడం ఎలా?

ప్రశ్న:

పిశాచులుగా ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్ వాంపైర్: ది మాస్కరేడ్ ఐదో ఎడిషన్‌లో క్రానికల్ (వరుస సెషన్లుగా సాగే కథ) నడుపుతున్నాను. ఒకావిడ చాలా ఇష్టపడి నోస్ఫెరాటు క్లాన్ (వికార రూపం ఉండే పిశాచుల వంశం) తీసుకుంది. క్యారెక్టర్ నేపథ్యం కూడా బాగా రాసుకుంది: బతికున్నప్పుడు అందగత్తెనని మహా గర్వం, ఆ గర్వం అణచడానికే ఒక ముసలి నోస్ఫెరాటు ఆమెను పిశాచిగా మార్చాడు. సొరంగాలు, వేట, దొంగచాటు సీన్లు వస్తే హుషారుగా ఆడుతుంది. ఎలీసియంలో (పిశాచులు గొడవ పడకూడని చోటు) ఊరి పిశాచులని ఏలే ప్రిన్స్ కొలువు సీన్ మొదలైందా, ఇక నోరు మెదపదు. వెంట్రూ, టోరియడార్ క్లాన్లు ఆడేవాళ్లే గంటసేపు మాట్లాడుకుంటారు. అడిగితే "నేను మాట్లాడితే రెండు డైస్ పోతాయి, వాళ్లనే కానివ్వండి" అంటుంది. వికార రూపానికి రెండు పాచికలు తగ్గించే రిపల్సివ్ ఫ్లా పెనాల్టీ తీసేద్దామా అని ఆలోచిస్తున్నాను. ఎవరైనా ఇలా చేసి చూశారా?

జవాబు 1:

తీసేయక్కర్లేదు. కళ్లు కప్పే శక్తి అబ్‌ఫస్కేట్ మూడో లెవెల్లో మాస్క్ ఆఫ్ ఎ థౌజండ్ ఫేసెస్ ఉంది, అది తీసుకోమనండి. ఒక రౌజ్ చెక్ (ఆకలి పెరుగుతుందేమో చూసే పాచిక) చేస్తే ఆ సీన్ అయ్యేదాకా మామూలు మనిషిలా కనిపిస్తుంది.

జవాబు 2:

పై సలహా రూల్ ప్రకారం సరైనదే, కానీ ఈ సమస్యకి అది మందు కాదు. ఒకటి, నోస్ఫెరాటు మనిషిలా వేషం కట్టిన ప్రతిసారీ బేన్ సివియారిటీ (క్లాన్ శాపం తీవ్రత) అంత డైస్ తగ్గుతాయి, ఆ మాస్క్‌కి కూడా. రెండు, కొలువులో ఉన్నవాళ్లందరికీ ఆమె ఎవరో తెలుసు. తెలిసినవాళ్ల ముందు ముసుగెందుకు?

నేను ఎన్నో క్లాన్లు ఆడాను, మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చింది మాత్రం నోస్ఫెరాటుకే. అందుకే గట్టిగా చెబుతున్నా, ఆ పెనాల్టీ తీసేయకండి. ఆ ముఖం తీసేస్తే మిగిలేది ఎలుకలతో మాట్లాడే ఇంకో పిశాచి, అంతే. ఈ క్లాన్ అందం ఎక్కడుందంటే, ముఖం చూసి అందరూ తలుపు వేసేశారు కాబట్టి వీళ్లు గోడలకి చెవులు పెట్టడం నేర్చుకున్నారు. ఊళ్లో ప్రిన్స్‌కి తెలియనిది కూడా కింద సొరంగంలో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. కొలువులో ఆమె ఎవరినీ మెప్పించక్కర్లేదు, ఆమె దగ్గర సరుకుంది. అవసరం ఉన్నవాళ్లే రావాలి.

ఇంకో సంగతి. రెండు డైస్ పోయేది రూపం అడ్డొచ్చే పనులకి వేసే పాచికల్లోనే. మోహపెట్టాలన్నా, కొత్తవాళ్ల దగ్గర మంచి పేరు కొట్టేయాలన్నా పోతాయి, న్యాయమే. కానీ "నిన్న రాత్రి నువ్వు ఎవరి రక్తం తాగావో నాకు తెలుసు" అని చెప్పడానికి అందం దేనికి? అక్కడ నేనైతే పెనాల్టీ వేయను. బెదిరింపు సీన్ అయితే అసలే వేయను.

మా టేబుల్ మీద జరిగింది చెబుతాను. ప్రతి కొలువు సీన్‌కి ముందు ఆట నడిపే మా స్టోరీటెల్లర్ నాకు ఒక చిన్న చీటీ ఇచ్చేవారు. మిగతా ఎవరికీ చూపించేవారు కాదు. ఒక చీటీలో ఇలా ఉంది: "హార్పీ గత వారం ఒక అప్పు లెక్క తారుమారు చేసింది. వెంట్రూ ప్రైమోజెన్‌కి ఇంకా తెలియదు." ప్రైమోజెన్ అంటే కొలువులో తన క్లాన్ తరఫు పెద్ద. హార్పీ అంటే కొలువులో ఎవరు ఎవరికి ఎంత రుణపడ్డారో లెక్క పెట్టే మనిషి, ఆమే తప్పుడు లెక్క రాస్తే పరువంతా పోతుంది. నేను ప్రైమోజెన్ దగ్గరికి వెళ్లలేదు, సూటిగా హార్పీ దగ్గరికే వెళ్లాను. ఆ రాత్రి నాకు ఒక మేజర్ బూన్ (తీర్చాల్సిన పెద్ద రుణం) దక్కింది, పాచిక ఒక్కటి కూడా వేయకుండా. మాటల్లో ముందుండే టోరియడార్ ఆ సీన్ అంతా నా వైపే చూస్తూ కూర్చున్నాడు, ఏం జరిగిందో అర్థం కాక.

ఐదో ఎడిషన్ కథ కూడా మీకు కలిసొస్తుంది. పిశాచుల్ని వేటాడే మనుషుల సెకండ్ ఇంక్విజిషన్ నోస్ఫెరాటుల రహస్య కంప్యూటర్ నెట్‌వర్క్ ష్రెక్‌నెట్‌లోకి చొరబడ్డాక, ప్రిన్స్‌లు ఉండే పిశాచుల కూటమి కామరిల్లా ఫోన్లూ కంప్యూటర్లూ పక్కన పెట్టింది. కబురు మళ్లీ నోటి మాటగానే నడుస్తోంది. అలాంటప్పుడు కబురు మోసేవాళ్ల విలువ పెరుగుతుందా తగ్గుతుందా?

కంపల్షన్ని (క్లాన్‌ని బట్టి పిశాచికి పట్టే పిచ్చి) కూడా మర్చిపోకండి. నోస్ఫెరాటులకి వచ్చే క్రిప్టోఫిలియా పట్టిందంటే రహస్యం వేటకి పనికిరాని ప్రతి పనికీ రెండు డైస్ తగ్గుతాయి, పనికొచ్చే రహస్యం ఒకటి తెలిసేదాకా వదలదు. పైగా తనకి తెలిసింది ఊరికే చెప్పదు, అంతకన్నా పెద్దది దొరికితేనే చెబుతుంది. అది కొలువు మధ్యలో పట్టిందనుకోండి, ఆమెను ఆపడం మీ వల్ల కాదు.

జవాబు 3:

చీటీల ఆలోచన చాలా బాగుంది. ఒక మాట కలుపుతాను: రహస్యాలన్నీ స్టోరీటెల్లరే ఇస్తే ఆమె సంపాదించినట్టు అనిపించదు. జంతువుల మీద పనిచేసే శక్తి ఆనిమలిజంలో బాండ్ ఫామ్యులస్ (జంతువుని సేవకుడిగా కట్టేసుకోవడం) తీసుకోమనండి. ఒక ఎలుకకి వేర్వేరు రాత్రుల్లో మూడుసార్లు తన రక్తం పోస్తే అది ఆమె మాట వింటుంది. అది చూసొచ్చింది అడిగి తెలుసుకోవాలంటే మాత్రం రెండో లెవెల్ ఫెరల్ విస్పర్స్ కూడా కావాలి. అప్పుడు చీటీలో సగమే రాయండి, మిగతా సగం ఎలుకని పంపి తెలుసుకోనివ్వండి.

కెమెరాల సంగతి కూడా ముందే చెప్పండి. ఘోస్ట్ ఇన్ ద మెషీన్ అనే శక్తి లేకపోతే అబ్‌ఫస్కేట్ మనుషుల కళ్లనే కప్పుతుంది, కెమెరాని కాదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థాంక్స్. పెనాల్టీ ఉంచేస్తున్నాను. మొదటి చీటీ ఆమెను మార్చిన ఆ ముసలాడి గురించే రాయాలనుకుంటున్నా: అతను రహస్యంగా ప్రిన్స్‌కి ఏదో అమ్ముతున్నాడని. కానీ సొంత క్లాన్ వాడి గుట్టు కొలువులో అమ్మితే మిగతా నోస్ఫెరాటులు ఊరుకుంటారా?

జవాబు 2:

ఊరుకోరు. ఈ క్లాన్‌లో బయట ప్రపంచం అంతా ఒకవైపు, తామంతా ఒకవైపు. అందుకే ఆ చీటీ రాయండి, కానీ కొనేవాళ్లని ఇద్దరిని పెట్టండి: ఒకరు కొలువులో, ఒకరు సొరంగంలో. సొరంగంలో వాళ్లు తక్కువ ధర ఇవ్వాలి. ఎవరికి అమ్ముతుందో ఆమెనే తేల్చుకోనివ్వండి. ఏం జరిగిందో ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.