అండమాన్‌కు అసెంబ్లీ ఇవ్వాలా, వద్దా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
అండమాన్ నికోబార్ 1956 నవంబర్ 1 నుంచి కేంద్రపాలిత ప్రాంతం. 2011 లెక్కల్లో జనాభా 3.8 లక్షలు. వాళ్లు ఢిల్లీకి పంపేది ఒక్క లోక్‌సభ ఎంపీని. 1967 వరకు ఆ ఎంపీని కూడా రాష్ట్రపతే నియమించేవారు. రాజ్యసభ సీటు లేదు, అసెంబ్లీ లేదు. పాలనంతా లెఫ్టినెంట్ గవర్నర్, ఆఫీసర్ల చేతిలోనే. 2024లో పోర్ట్‌బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అని మార్చారు. ఆ కబురు వచ్చింది ఢిల్లీ నుంచే. పుదుచ్చేరికి అసెంబ్లీ ఉన్నప్పుడు వీళ్లకెందుకు వద్దు?

పెన్నా_ఒడ్డు (కడప):
వద్దు. 3.8 లక్షలంటే మా కడప ఊరికంటే కాస్త ఎక్కువ, అంతే. పుదుచ్చేరి జనాభా 12 లక్షల పైమాట. ఒక కార్పొరేషన్‌కు సరిపోయే జనానికి ముఖ్యమంత్రి, మంత్రులు, స్పీకరు, వాళ్ల బంగళాలు. ఆ ఖర్చు ఎవరు పెట్టాలి?

కొండారెడ్డి_బురుజు:
సిక్కింలో 6 లక్షల మందే అన్నా. 1975 నుంచి రాష్ట్రం. తలలు లెక్కపెట్టి హక్కులిస్తారా?

పెన్నా_ఒడ్డు:
6 లక్షలు వేరు, 3.8 లక్షలు వేరు. పైగా అక్కడ మునిసిపల్ కౌన్సిల్ ఉంది, జిల్లా పరిషత్ ఉంది. ఓటే లేనట్టు మాట్లాడకండి.

హంద్రీ_నీవా (అనంతపురం):
మా బావ అక్కడ మేస్త్రీ పని చేశాడు. కూలి డబ్బులు ఆగిపోతే ఒక ఆఫీసు చుట్టూ తిరిగాడు. ప్రతిసారీ ‘పైనుంచి ఆర్డరు రావాలి’ అనే మాటే. ఆ పైన ఎవరున్నారో చెప్పిన పాపాన పోలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. ఎమ్మెల్యే అనేవాడు ఉంటే కనీసం పోయి అతని ఇంటి ముందు కూర్చునేవాళ్లు.

పెన్నా_ఒడ్డు:
మాకు ఎమ్మెల్యే ఉన్నాడు తమ్ముడూ. పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికి మా నాన్న ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

నల్లకోటు (కర్నూలు):
ఒక్కటి గమనించండి. ఆ దీవుల జనం కోసం కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచ్ పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. కర్నూలులో బెంచ్ పెట్టమని మనం ఎన్నేళ్ల నుంచి అడుగుతున్నాం?

హంద్రీ_నీవా:
అది వేరే టాపిక్ సార్.

నల్లకోటు:
వేరే ఎట్లా అవుతుంది? దూరం దూరమే.

నల్లమల_గాలి (ఆత్మకూరు):
ఇంతసేపూ అక్కడి మొదటి మనుషుల ఊసే రాలేదు. జారవా, ఓంగే, సెంటినలీస్, షోంపెన్, నికోబారీలు. నికోబార్ జిల్లా మొత్తం కలిపినా 37 వేలకు మించదు. అసెంబ్లీ పెడితే అందులో కూర్చునేది బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ వల్లే జారవాల అడవి ఈ మాత్రమైనా మిగిలింది. రోడ్లు, రిసార్టులు కావాలనే ఓట్లే ఎక్కువైతే ఆ రక్షణ ఎన్నాళ్లు నిలుస్తుంది?

కొండారెడ్డి_బురుజు:
అంటే సెటిలర్ల ఓటు ఓటు కాదా? తూర్పు బెంగాల్ నుంచి సర్వం పోగొట్టుకుని వచ్చిన కుటుంబాలను ప్రభుత్వమే తీసుకుపోయి అక్కడ దించింది. మూడు తరాలు గడిచాక కూడా వాళ్లు బయటివాళ్లేనా? ఇక మీ ఢిల్లీ ఆ తెగలను కాపాడుతోందా? గ్రేట్ నికోబార్‌లో పోర్టు, ఎయిర్‌పోర్టు, టౌన్‌షిప్ కోసం 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇస్తున్నారు. అక్కడి ట్రైబల్ కౌన్సిల్ 2022 ఆగస్టులో ఇచ్చిన అంగీకారాన్ని నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. ఎవరు విన్నారు? సునామీకి ఊళ్లు వదిలినవాళ్లు మా ఊరికి మమ్మల్ని పోనీయండని ఇప్పటికీ అడుగుతున్నారు. ఏసీ గదిలో కూర్చుని రక్షణ అనకండి.

నల్లమల_గాలి:
నేనుండేది అడవి అంచున. ఏసీ గది మాట వెనక్కి తీసుకోండి. మా నల్లమల అడవిలోని చెంచు గిరిజనుల భూమి గురించి అసెంబ్లీలో ఎన్నిసార్లు మాట్లాడారో మీరే చెప్పండి.

పెన్నా_ఒడ్డు:
ఖర్చు సంగతి పక్కన పెడతాను. నా అసలు బాధ ఇది. 1937లో శ్రీబాగ్ ఒప్పందంలో కోస్తా నాయకుల చేత మన సీమ పెద్దలు ఏం రాయించుకున్నారు? రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లలో పదేళ్లు మనకు ముందు వాటా. చట్టసభ సీట్లు జనాభాను బట్టి కాదు, జిల్లాకు సమానంగా. కర్నూలు రాజధానిగా ఉన్నది 1953 నుంచి 1956 వరకే. అసెంబ్లీ ఉంది, మనకు ఎమ్మెల్యేలున్నారు, ముఖ్యమంత్రులూ అయ్యారు. నీళ్లొచ్చాయా? తక్కువమంది ఉన్నచోటికి అసెంబ్లీ వస్తే ఎక్కువమంది మాటే చట్టమవుతుంది. నికోబార్ వాళ్లకు అదే గతి పడుతుందని నా భయం.

కొండారెడ్డి_బురుజు:
శ్రీబాగ్ నాయకుల మధ్య ఒప్పందం అన్నా, చట్టం కాదు. అందుకే గాలికి పోయింది. నాగాలాండ్‌కు 371ఏ అధికరణం రాజ్యాంగంలోనే ఉంది. వాళ్ల అసెంబ్లీ ఒప్పుకుంటే తప్ప భూమి మీద పార్లమెంటు చట్టం అక్కడ చెల్లదు. అట్లాగే నికోబార్‌కు, గిరిజన ప్రాంతాలకు సొంత పాలన ఇచ్చే రాజ్యాంగం ఆరో షెడ్యూలు కింద సొంత కౌన్సిల్ పెట్టండి, తెగల రిజర్వు భూమి మీద అసెంబ్లీకి అధికారం లేదని ముందే రాయండి. మిగతా విషయాలకు అసెంబ్లీ ఇవ్వండి. అసలేమీ లేకపోవడం కన్నా అది నయం.

హంద్రీ_నీవా:
దీనికి నేను ఒప్పుకుంటాను.

నల్లమల_గాలి:
నేను ఒప్పుకోను. జారవాలు ఓటు అడగలేదు, అసెంబ్లీ అడగలేదు. నికోబారీలను అడగండి, వాళ్ల కౌన్సిల్ ఒప్పుకుంటే అప్పుడు మాట్లాడదాం. అది కూడా ఆ అసెంబ్లీలో నికోబార్‌కు ఎన్ని సీట్లో చెప్పాకే.